జోగారావు బావ చెప్పిన పాయింట్ ఆరు

మా అక్క సూర్యకుమారి భర్త జోగారావు పోయిన కార్తీకంలో చనిపోయాడు. యాభై ఎనిమిదేళ్ళు. పొద్దున్నే పనికి బయల్దేరుతూ బండి కిక్కు కొట్టి, సీటు మీదికి ఎక్కకుండా పక్కకి కూలబడిపోయాడు. బండి మాత్రం స్టార్టయింది. అక్క వచ్చి తాళం తిప్పేదాకా అది మోగుతూనే ఉందట. డాక్టరు గుండె అన్నాడు. తర్వాత మూడు రోజులు ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందుగా అడిగిన మాట ఒకటే: "క్రియాటిన్ ఎంతుండీది?" పాయింట్ తొమ్మిది అని చెబితే, "మరెందుకు పోనాడు?" అని నిజంగానే ఆశ్చర్యపోయారు.

మాది ఉద్దానం. సోంపేట దాటాక కొబ్బరి, జీడి తోటల్లో ఒక ఊరు. మా వైపు కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి చాలామంది వచ్చారు. నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. వాళ్ళు తేల్చేలోపు మేం క్రియాటినిన్ అనే పరీక్ష గురించి నేర్చుకున్నాం. దాని అంకె తక్కువుంటే మంచిది, పెరిగితే కిడ్నీ పాడవుతున్నట్టు. అక్షరం ముక్క రాని ముసలమ్మకి కూడా తన అంకె, కోడలి అంకె, కోడలి పుట్టింటివాళ్ళ అంకెలు నోటికొచ్చు. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని ఏ ఊరని అడిగాక రెండో మాటగా "నీదెంత?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఈ అంకెలు మోసుకొచ్చే మనిషి మా బావ.

ఆయనకి ఎకరన్నర కొబ్బరితోట ఉండేది. తిత్లీ తుపానులో అరవై నాలుగు చెట్లు ఒక్క రాత్రిలో పడ్డాయి. మర్నాడు వాటిని చూసి బావ, "అన్నీ ఒక వైపే పడ్డాయి, లైను తప్పనేదు" అన్నాడు. అంతకు ముందు హరిపురంలో ఒక ఆరెంపీ దగ్గర పదేళ్ళు ఇంజెక్షన్లు చేసిన చెయ్యి గనక, కాశీబుగ్గలో ఒక ప్రైవేటు ల్యాబువాళ్ళు రక్తం సేకరించే పనికి తీసుకున్నారు. తెల్లారేసరికి బండి వెనక ఐసుపెట్టె కట్టుకుని బయల్దేరేవాడు. సోంపేట, బారువ, మధ్యలో తోటల్లో ఉన్న ఊళ్ళు. తొమ్మిదిన్నరకల్లా ట్యూబులన్నీ కాశీబుగ్గ చేరాలి.

సూది గుచ్చేటప్పుడు ఆయనది ఒక పద్ధతి. మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, నరం మీద వేలు పెట్టి, "నిన్న ఏటి కూర?" అని అడిగేవాడు. అవతలివాళ్ళు "నిన్ననా..." అని గుర్తు చేసుకునేలోపు రక్తం ట్యూబులోకి వచ్చేసేది. కూర పేరు ఆయన ఏనాడూ వినలేదు.

మధ్యాహ్నానికి రిపోర్టులు ఆయన ఫోనుకి వచ్చేవి. మా వాళ్ళకి కాగితం అక్కర్లేదు, అంకె కావాలి. బావ రిపోర్టు తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, అంకె దగ్గర ఆపి, ఆ అంకె ఫోన్లో చెప్పేవాడు. "ఒకటి పాయింట్ ఒకటి. పడుకో." లేదంటే, "రెండు పాయింట్ నాలుగు. రేపు శ్రీకాకుళం ఎల్లు." అంతే సంభాషణ. ఇక్కడ ఇంకొక రివాజు కూడా చెప్పాలి. అంకె పెరిగితేనే డాక్టరు దగ్గరికి వెళ్తాం. బాగున్న అంకెని డాక్టరుకి చూపించడం మా వైపు లేదు. బాగున్నదాన్ని చూపించి ఏం అడుగుతాం?

బారువలో ఎండుచేపలు అమ్మే బొడ్డమ్మ అని ఒకావిడ ప్రతి నెలా ఆయనతో బేరమాడేది.

"ఒకటి పాయింట్ నాలుగా? పాయింట్ రెండు తగ్గించీ బావా, నిన్ను సూసే కదా ఈ ల్యాబుకిత్తన్నాను."

"ఇదేటి నీ ఎండు సేపలేటే తగ్గించడానికి? అయినా నువ్వెప్పుడు తగ్గించినావు నాకు?"

"తగ్గిత్తాను. ముందు నువ్వు తగ్గించు."

బావకి ఒక్కతే కూతురు, భానుప్రియ. డిగ్రీ చదివింది. సంతబొమ్మాళి వైపు కుర్రాడు ఈశ్వర్‌కిచ్చి చేశారు. అతను కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగు చూస్తాడు. గుండు పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. నెమ్మదస్తుడు. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు. అప్పటికి భానుకి ముప్పై ఒకటి.

కాశీబుగ్గకి నెలకి రెండు ఆదివారాలు ఒక లేడీ డాక్టరు వచ్చి వెళ్ళేది. ఆవిడ భానుని చూసి ఒక రక్తపరీక్ష రాసింది. ఏఎంహెచ్ అంటారు. రిపోర్టు వచ్చాక మళ్ళీ రమ్మంది. భాను చీటీ తెచ్చి తండ్రికిచ్చింది. వేరేవాళ్ళ చేత కూతురికి సూది పొడిపించడం ఆయనకి ఇష్టం లేదు. తనే తీశాడు. శాంపిల్ విశాఖపట్నం వెళ్ళింది.

మూడో రోజు నేను టెక్కలి నుంచి వస్తూ హరిపురం జంక్షన్‌లో దిగితే బావ టీకొట్టు దగ్గర కనిపించాడు. టీ సగంలో ఉండగా ఫోను మోగింది. ఆయన రిపోర్టు తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, అంకె దగ్గర ఆపాడు. ఆపి, గ్లాసు కింద పెట్టాడు.

"పాయింట్ ఆరు!" అన్నాడు బావ.

"ఎవలిది?" అన్నాడు టీకొట్టతను.

"మా భానుది."

"పాయింట్ ఆరే! సిన్నపిల్లలకి గదా ఉంతాదది."

అక్కడున్న నలుగురైదుగురూ తలా ఒకసారి పాయింట్ ఆరు అన్నారు. వాళ్ళలో ఒకాయన, తన ఇంట్లో మూడు తరాల్లో ఎవరికీ అంత తక్కువ రాలేదని చెప్పాడు. నేనూ సంతోషించాను. నేను ఎమ్మే చదివాను. ఆ రిపోర్టులో అంకె కింద ఇంకో నాలుగు వరసలు ఉంటాయనీ, వయసుని బట్టి ఎంతుండాలో వాటిలో రాసి ఉంటుందనీ నాకూ తోచలేదు.

అక్క ఆ రోజు పరమాన్నం వండింది. భాను వచ్చి రెండుసార్లు పెట్టించుకుని తింది. ఆరేళ్ళుగా చుట్టాలు, పక్కింటివాళ్ళు ఆ పిల్ల పొట్ట వైపు చూసి మాట్లాడేవారు. ఆ రోజు నుంచి మొహం వైపు చూసి మాట్లాడారు. మళ్ళీ లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలా అని భాను అడిగితే, "బాగున్నదానికి డాక్టరెందుకే?" అన్నాడు బావ. అది మాకు సహజంగానే వినిపించింది.

భానులో లోపం లేదంటే లోపం ఈశ్వర్‌ది. ఇది ఎవరూ నోటితో అనలేదు, కానీ కూరల్లో తేడా వచ్చింది. రోజూ వెల్లుల్లి. వారానికి మూడు రోజులు ములక్కాడ. రాత్రి నానబెట్టిన జీడిపప్పు పొద్దున్నే పదిహేను గింజలు. పగలంతా జీడిపప్పు మధ్య కూర్చునే మనిషి ఇంట్లో మళ్ళీ జీడిపప్పు తినవలసి వచ్చింది. బండి సీటు వేడి మగవాళ్ళకి మంచిది కాదని ఎక్కడో విని బావ బండి కూడా మాన్పించాడు. ఈశ్వర్ ఫ్యాక్టరీకి రెండు కిలోమీటర్లు నడిచి వెళ్ళేవాడు. దారిలో తెలిసినవాళ్ళు బండి ఆపి ఎక్కమనేవారు. వద్దనేవాడు. ఎందుకు వద్దంటున్నాడో చెప్పలేక మోకాళ్ళకి మంచిదని నడుస్తున్నానని చెప్పేవాడు.

అతను టెక్కలిలో పరీక్ష కూడా చేయించుకున్నాడు. వీర్యపరీక్ష. అంతా బాగానే ఉందని రాశారు. ఆ కాగితం తెచ్చి మామగారికి చూపించాడు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి ఇచ్చేశాడు.

"ఇది రక్తం కాదు గదా అల్లుడూ."

"కాదు మావయ్యా."

"రక్తం అబద్దం సెప్పదు. మిగతావి మనం సెప్పలేం."

ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి.

చివరికి ఈశ్వరే ఒక రోజు భానుతో అన్నాడట: "వైజాగ్ ఎల్దాం. నేనే సూపించుకుంటాను. ఈ ఎల్లుల్లి నావల్ల కాదు." విశాఖపట్నంలో పిల్లలు లేనివాళ్ళకి వైద్యం చేసే ఆసుపత్రికి ఇద్దరూ పలాసలో రైలెక్కి వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ ఈశ్వర్ కాగితం ఒక నిమిషం చూసి పక్కన పెట్టి, భాను రిపోర్టులు అడిగింది. భాను ఫోన్లో పాత రిపోర్టు తీసి ఇచ్చింది.

"ఇది ఎప్పటిదమ్మా?"

"కిందటేడుదండి."

"మరి అప్పుడే ఎందుకు రాలేదు?"

"బాగుందని రాలేదండి."

"బాగుందని ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆయన డాక్టరా?"

"కాదండి. రక్తం తీస్తారు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మీది ఏ ఊరని అడిగింది. భాను చెప్పింది. అప్పుడు ఆవిడకి కొంత అర్థమైందట. క్రియాటినిన్‌కి తక్కువుంటే మంచిది, దీనికి ఎక్కువుండాలి అని చెప్పింది. అండాశయంలో ఇంకా ఎన్ని అండాలు మిగిలాయో ఈ పరీక్ష ఒక అంచనా ఇస్తుంది. భాను వయసుకి ఒకటి దాటి, రెండో మూడో ఉంటే నిశ్చింత. పాయింట్ ఆరు అంటే సంచిలో అడుగున ఉన్నట్టు. మళ్ళీ రక్తం తీసి చూశారు. ఈసారి పాయింట్ నాలుగు.

"పిల్లలు పుట్టరాండి?" అని ఈశ్వర్ అడిగాడు.

"ఆ మాట ఇది చెప్పదు. ఇంజెక్షన్లు ఇస్తే మనకి ఎన్ని అండాలు దొరకొచ్చో చెప్తుంది, అంతే. నాలుగో, మూడో. వాటిలో మంచిది ఒకటుంటే చాలు. అది ఉందో లేదో రక్తంలో తెలీదు. దానికి ఈ అంకె కంటే అమ్మాయి వయసే ఎక్కువ చెప్తుంది. ముప్పై రెండు. ఇంకా ఆలస్యం చేయకండి."

వాళ్ళని పలాస స్టేషన్ నుంచి ఊరికి తీసుకొచ్చింది నేనే. ఇంటికి వచ్చేసరికి బావ నూతి దగ్గర ఐసుపెట్టె కడుగుతున్నాడు. భాను చెప్పులు కూడా విప్పకుండా అటు నడిచింది.

"నాన్నా, అది ఎక్కువుండాలట."

"ఏది?"

"నాది. పాయింట్ ఆరు. ఒకటి దాటి ఉండాలట. ఇప్పుడు పాయింట్ నాలుగు."

"తగ్గినాదా?" అన్నాడు బావ. ఆ మాటలో అలవాటు కొద్దీ కాస్త సంతోషం కూడా వినిపించింది.

"తగ్గకూడదు నాన్నా. తగ్గితే అండాలు అయిపోతన్నట్టు. అది క్రియాటిన్ కాదు."

"రక్తంలోదే గదా?"

"రక్తంలోదే."

"మరి ఎక్కువుంటే మంచిదెలా అవుద్ది?"

బావ చెయ్యి లుంగీకి తుడుచుకుని, లోపల్నుంచి కళ్ళజోడు తెచ్చుకుని, ఫోన్లో ఆ పాత రిపోర్టు వెతికాడు. చాలాసేపు పట్టింది, పద్నాలుగు నెలల రక్తం దాని పైన ఉంది. దొరికాక అంకె దగ్గర ఆగకుండా ఈసారి కిందికి జరిపాడు.

"కిందన రాసుంది," అన్నాడు.

"ఎప్పటినుంచి?" అని అడిగింది మా అక్క.

"అప్పటినుంచే."

తర్వాత ఆయన అరుగు మీద కూర్చున్న అల్లుడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. క్షమించమనడం మా బావకి రాదు. ఆయన తండ్రికీ వచ్చేది కాదట.

"అల్లుడూ, రేపటినుంచి బండి మీదే ఎల్లు."

"సరే మావయ్యా. మరి ఎల్లుల్లి?"

"మానీ."

"జీడిపప్పు?"

"అది నీ ఇష్టం."

ఆ తర్వాత బావ పనిలో మార్పు వచ్చింది. ఫోన్లో అంకె చెప్పడం తగ్గించి, రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించడం మొదలెట్టాడు. పేరు, వయసు, రక్తం తీసిన టైము, అంకె, ఎంతుండాలి, ఏ మిషను మీద చేశారు, కింద ఎవరు సంతకం పెట్టారు. జనానికి విసుగొచ్చింది. "అంకె సెప్పవయ్యా అంటే సత్తెన్నారాయణ వ్రతం కథ సదువుతాడేటి?" అని బొడ్డమ్మ ఫోను పెట్టేసింది. పది రోజుల తర్వాత మళ్ళీ అంకెలకే వచ్చాడు. కానీ తనకి తెలియని పరీక్ష ఏదైనా వస్తే, "నాకు తెల్దు, కాగితం పంపుతాను, డాక్టర్ని అడుగు" అనేవాడు. ఆ మాట ఆయన నోట అంతకు ముందు ఎవరూ వినలేదు. కొందరు ఆయనకి వయసు మీద పడిందనుకున్నారు.

భానుకి వైద్యం మొదలైంది. పదకొండు రోజులు ఇంజెక్షన్లు. అవి పొట్ట మీద చేయాలి. బావ చేస్తానంటే, "నేను చేసుకుంటాన్లే నాన్నా" అంది. ఈశ్వర్ నేర్చుకుని చేశాడు. విశాఖలో మూడు అండాలు తీశారు. రెండు ఫలించాయి. ఒకటి నిలబడింది. ఆ ఒక్క పిండాన్ని లోపల పెట్టి, రెండు వారాల తర్వాత రక్తపరీక్ష చేయించమన్నారు. దాని పేరు బీటా హెచ్‌సీజీ. గర్భం నిలిస్తే ఆ అంకె రెండు రోజులకి ఇంచుమించు రెట్టింపు అవుతూ పోవాలి. డాక్టరమ్మ ఈ సంగతి భానుకి చెప్పి, ఒక కాగితం మీద రాసి, దాని పక్కన పైకి ఒక బాణం గుర్తు కూడా వేసి ఇచ్చింది. "ఇది మీ నాన్నగారికి చూపించండి" అందట.

పరీక్ష రోజు భాను పుట్టింట్లోనే ఉంది.

"రక్తం నువ్వే తియ్యి," అంది తండ్రితో. "కానీ అంకె నువ్వు సెప్పకు. కాగితం నాకు పంపు."

బావ రబ్బరు పట్టీ కట్టాడు. నరం మీద వేలు పెట్టి, "నిన్న ఏటి కూర?" అన్నాడు.

"ఆనపకాయ పులుసు. అమ్మ వండింది. ఉప్పు ఎక్కువైంది. నేను మజ్జిగతో తిన్నాను," అంది భాను.

ఆయన ఇంకా సూది మూతే తీయలేదు.

మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. బావ దాన్ని తెరవకుండా కూతురికి పంపాడు. తెరవలేదని నేను నమ్ముతాను, ఎందుకంటే ఆయన పక్కనే కూర్చున్నాను. నలభై ఆరు. నిలిచిందనే లెక్క, కానీ తక్కువ. డాక్టరమ్మ ఫోన్లో, ఎల్లుండి మళ్ళీ చూడాలి, ఆశ పెట్టుకోవద్దు, వదులుకోవద్దు అంది. రెండూ కాకుండా రెండు రోజులు ఎలా ఉండాలో చెప్పలేదు. అక్క దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఈశ్వర్ సెలవు పెట్టి వచ్చి పెరట్లో కొబ్బరి మట్టలు చీరుతూ కూర్చున్నాడు. రెండు రోజుల్లో చాలా మట్టలు చీరాడు.

మూడో రోజు భాను గదిలో మంచం మీద కూర్చుని ఫోను చూస్తోంది. మేమంతా గుమ్మం దగ్గర ఉన్నాం.

"ముప్పై ఎనిమిది," అంది.

"అమ్మయ్య, తగ్గినాది!" అంది మా అక్క.

ఇరవై ఏళ్ళ అలవాటు. తన తల్లికి, ఇద్దరు మరుదులకి, పక్కింటివాళ్ళకి అంకె తగ్గిన ప్రతిసారీ అన్న మాట. అనేశాక కూతురి మొహం చూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వచ్చింది. ఆ గిన్నెలు పొద్దున్నే కడిగేసినవి. నాలుగు రోజుల తర్వాత అంకె పదకొండు అయింది. మా ఊళ్ళో ఒక అంకె తగ్గినందుకు ఇంట్లో అందరూ భోజనం మానేసింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

భాను వారం రోజులు మామూలుగానే ఉంది. ఎనిమిదో రోజు, బావ పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ అడిగింది.

"నాన్నా, ఆ పద్నాలుగు నెలలు ముందెల్లుంటే అయ్యీదా?"

బావ కాళ్ళు కడుక్కోవడం ఆపాడు. మర్నాడు పనికి వెళ్ళలేదు. తెల్లారేసరికి పలాస స్టేషన్లో ఉన్నాడు. నాకు ఫోన్ చేసి, వైజాగ్‌లో ఆసుపత్రికి ఏ ఆటో ఎక్కాలో అడిగాడు. నేనూ వస్తానంటే, "నాను సేసిందానికి నువ్వెందుకు?" అన్నాడు. పాయింట్ ఆరు కాగితం, పాయింట్ నాలుగు కాగితం రెండూ ప్రింటు తీయించుకుని, కొబ్బరి బొండాలు రెండు పట్టుకుని వెళ్ళాడు. అక్కడ నాలుగు గంటలు కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళి ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. డాక్టరమ్మ ఆయన్ని కూర్చోమంది. అప్పుడు వచ్చి ఉంటే ఒకటో రెండో అండాలు ఎక్కువ దొరికి ఉండొచ్చు, దొరక్కపోయి ఉండొచ్చు అంది. దొరికినా వాటిలో బిడ్డయ్యేది ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరంది. ఆ లెక్క ఏ రక్తంలోనూ లేదంది.

"మా అమ్మాయికి ఏం చెప్పమంటారు?" అని బావ అడిగాడట.

"మీకు ఏది చెప్పాలనిపిస్తే అది చెప్పండి," అందట ఆవిడ.

సాయంత్రం రైలుకి తిరిగి వచ్చాడు. ఆయన దారిలో ఏం ఆలోచించాడో నాకు తెలియదు. "నీ వల్ల కాదంట" అని చెప్పుకునే వీలు ఆయనకి ఉంది. అంకె తప్ప ఇంకేమీ చెప్పని మనిషి గనక, చెబితే మేమంతా నమ్మేవాళ్ళం. భాను అరుగు మీద కూర్చుని ఉంది. బావ బస్సు దిగి వచ్చి, సంచీ భుజాన ఉండగానే చెప్పాడు.

"అడిగొచ్చానమ్మా. తెలీదంట."

"ఏటి తెలీదు?"

"అప్పుడెల్తే అయ్యీదో కాదో తెలీదంట. అయ్యుండొచ్చంట. కాకపోయుండొచ్చంట."

అవుననో కాదనో వింటే భాను దానికి తగ్గట్టు ఏడవడమో ఊరుకోవడమో చేసేది. ఈ జవాబుతో ఏం చేయాలో ఆ పిల్లకి కూడా తెలిసినట్టు లేదు.

"రెండోసారికి ఎప్పుడు రమ్మన్నారు?" అంది చివరికి.

"అడగనేదు."

"అంత దూరం ఎల్లి, నాలుగ్గంటలు కూసుని, అది అడక్కుండా వచ్చీసినావా?"

"నాను అడగడానికెల్లింది ఒకటే గదా."

"బాగుంది! ఇలాటోడికి కూతురుగా పుట్టి, ఇంకా అండాలు మిగలడమే గొప్ప," అని భాను ఫోను తీసి ఆసుపత్రికి తనే చేసింది. లోపల్నుంచి మా అక్క, "ఆయన టికెట్టు కొన్నాడేటో అడుగు, ఆ మతిలో" అంది. కొన్నాడు.

అయిదు నెలల తర్వాత రెండోసారి. ఈసారి రెండే అండాలు దొరికాయి. ఒకటి నిలబడింది. రెండు వారాలకి బావ రక్తం తీశాడు. కూర సంగతి అడగలేదు. రెండొందల పది వచ్చింది. భాను బయటికి వచ్చి చెప్పింది. బావ జేబులోంచి డాక్టరమ్మ బాణం వేసిన కాగితం తీసి చూసుకున్నాడు. రెండు రోజులకి నాలుగొందల యాభై అయిదు. మా అక్క ఈసారి ముందు కూతురి మొహం చూసి, అది నవ్వాక తను నవ్వింది. ఆరో వారంలో స్కానింగులో గుండె కొట్టుకోవడం కనిపించిందన్నారు. అప్పుడు కూడా బావ ఎవరికీ చెప్పలేదు. టీకొట్టు దగ్గర అడిగితే, "ఇంకా తెలీదు" అనేవాడు. ఎనిమిదో నెలలో, కూతురు ఎదురుగా నడిచి వస్తున్నప్పుడు కూడా అదే మాట అన్నాడని టీకొట్టతను ఇప్పటికీ చెబుతాడు.

ఆడపిల్ల పుట్టింది. పేరు ప్రవల్లిక.

మూడో రోజున పాప కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయని ఆసుపత్రివాళ్ళు రక్తం తీయాలన్నారు. పుట్టిన పిల్లలకి కామెర్లు మామూలే, అయినా చూడాలి. నర్సు సూది పట్టుకుని వస్తే, బావ వేలమందికి గుచ్చిన మనిషి, వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పాప ఏడుపు అక్కడికి వినిపించింది. గంటన్నర తర్వాత పిల్లల డాక్టరు కాగితం పట్టుకుని వచ్చింది.

"పాప తాతగారేనా? రిపోర్టు వచ్చిందండీ. అంకె..."

"ఒక్క నిమిషం ఆగండమ్మా," అన్నాడు బావ, చెయ్యి అడ్డం పెట్టి. "ఇది ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?"

డాక్టరు కాస్త తికమకపడింది. "తక్కువుంటేనే మంచిదండీ."

"అయితే ఇప్పుడు సెప్పండి."